ముందు ప్రొపెల్లర్, తర్వాతే ఇంజను

పెద్ద మోడల్ విమానం చేద్దామనుకునే మన పిల్లలు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఎన్ని సి.సి. ఇంజను పెట్టాలి?" ఈ ప్రశ్న తలకిందులుగా ఉందని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. అడగవలసిన మొదటి ప్రశ్న "ఈ విమానానికి ఏ ప్రొపెల్లర్ కావాలి?" అన్నది. రెండో ప్రశ్న "ఆ ప్రొపెల్లర్‌ను తిప్పగల ఇంజను ఏది?" అన్నది. ఈ వరస తప్పితే డబ్బూ పోతుంది, విమానమూ పోతుంది. ముఖ్యంగా రెండు అంతస్తుల రెక్కలున్న బైప్లేన్ విషయంలో ఇది నూటికి నూరుపాళ్ళు నిజమని నా అభిప్రాయం.

వార్షికోత్సవ సంచికలో కవితలు, కథలు, హాస్టల్ జ్ఞాపకాలు ఉండాలి గాని ఈ ఇంజన్ల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అనవచ్చు. కారణం ఉంది. ఇక్కడ చదువుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నేడు పాలిటెక్నిక్‌లలో, ఇంజనీరింగు కాలేజీలలో ఉన్నారు. కొందరు ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరి ఏరోమోడలింగ్ నేర్చుకుంటున్నారు. మరికొందరు చివరి సంవత్సరం ప్రాజెక్టుగా విమానం తీసుకుంటున్నారు. నలుగురైదుగురు కలిసి స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి తలా కొంత వేసుకుంటారు. ఉన్నవాళ్ళ పిల్లలు ఒక ఇంజను సరిపోకపోతే ఇంకొకటి తెప్పించుకుంటారు. మనం ఒక్కసారే కొనగలం. ఒక్కసారే కొనేవాడు లెక్క వేసుకోకుండా కొనకూడదు. కాగితం, పెన్సిలు, పదో తరగతి భౌతికశాస్త్రం ఉంటే ఈ లెక్క వేయవచ్చు. అవి మన దగ్గర ఉన్నాయి.

గాల్లో మాటలు చెప్పకుండా ఒక నిజమైన విమానాన్నే తీసుకుందాం. అది టైగర్ మాత్. బ్రిటన్‌లోని డి హావిలాండ్ కంపెనీ తయారుచేసిన ఈ శిక్షణ విమానం 1931లో మొదటిసారి ఎగిరింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మన బేగంపేటలో విమానం నడపడం నేర్చుకున్న కుర్రవాళ్ళు ఎక్కింది దీన్నే. రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు 29 అడుగుల 4 అంగుళాలు. పూర్తి బరువు సుమారు 828 కిలోలు. ముందు జిప్సీ మేజర్ అనే నాలుగు సిలిండర్ల ఇంజను, శక్తి 130 హార్స్‌పవర్. గరిష్ఠ వేగం గంటకు 175 కిలోమీటర్ల దాకా. కర్ర ప్రొపెల్లర్ ఆరడుగులు దాటి ఉంటుంది.

దీనిని నాలుగో వంతు సైజులో చేద్దాం. రెక్క పొడవు 88 అంగుళాలు, అంటే 2 మీటర్ల 23 సెంటీమీటర్లు అవుతుంది. పైరెక్క, కింది రెక్క కలిపి వైశాల్యం సుమారు 1.39 చదరపు మీటర్లు. జాగ్రత్తగా కడితే 9 కిలోల దగ్గర తేలుతుంది. ఇది పెద్ద మోడలే. దీనికి ఏ ఇంజను పెట్టాలని నలుగురిని అడిగి చూడండి. "55 సి.సి. పెట్టు, తిరుగుండదు" అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఇప్పుడు మన లెక్క చూద్దాం.

అసలు విమానం ఏం చెబుతోంది?

సైజు నాలుగో వంతు అయితే బరువు నాలుగో వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 64వ వంతు అవుతుంది. అసలు విమానంలాగే నిదానంగా, అందంగా ఎగరాలంటే వేగం సగం కావాలి. బరువు 64వ వంతు, వేగం రెండో వంతు. ఈ రెండింటినీ హెచ్చిస్తే శక్తి 128వ వంతు చాలు. 130 హార్స్‌పవర్‌ను 128తో భాగిస్తే వచ్చేది ఒకటికి కాస్త ఎక్కువ. అంటే ఒక్క హార్స్‌పవర్!

చిన్న రెక్క మీద గాలి పెద్ద రెక్క మీద ఉన్నంత సాఫీగా పారదు. చిన్న ప్రొపెల్లర్ పనితనమూ కొంత తక్కువే. అందుకని ఉదారంగా రెట్టింపు చేసుకుందాం, 2 హార్స్‌పవర్ అనుకుందాం. 30 సి.సి. పెట్రోలు ఇంజను పెట్టెమీదే మూడు హార్స్‌పవర్‌కు పైగా రాసి ఉంటుంది. 55 సి.సి. మీద ఐదుకు పైగా ఉంటుంది. మనకు కావలసింది రెండు. మిగిలిన మూడు ఎవరికోసం?

గాలిని ఎలా తోయాలి?

ప్రొపెల్లర్ చేసే పని గాలిని వెనక్కి తోయడం. ఒక సెకనులో ఎంత గాలిని, ఎంత వేగంతో తోస్తే అంత లాగుడు బలం వస్తుంది. ద్రవ్యరాశిని వేగంతో హెచ్చించాలి. కాని ఆ గాలికిచ్చే శక్తి లెక్క వేరు. అక్కడ వేగాన్ని రెండుసార్లు హెచ్చించాలి. కాబట్టి రెట్టింపు గాలిని సగం వేగంతో తోస్తే లాగుడు అంతే వస్తుంది, ఖర్చయ్యే శక్తి సగమే. మన డార్మిటరీలో పైన తిరిగే 48 అంగుళాల సీలింగ్ ఫ్యాన్‌ను చూడండి. నెమ్మదిగా తిరుగుతూ 75 వాట్లతోనే అరడజను మంచాలకు గాలి ఇస్తుంది. చిన్న టేబుల్ ఫ్యాన్ ఎంత గోలచేసినా ఒక్కరికే తగులుతుంది.

అదే శక్తికి ప్రొపెల్లర్ వ్యాసం 16 అంగుళాల నుంచి 20కి పెంచితే, నిలబడి ఉన్నప్పటి లాగుడు సుమారు 16 శాతం పెరుగుతుందని సిద్ధాంతం చెబుతుంది. ఇంజను మార్చకుండా, పెట్రోలు ఎక్కువ పోయకుండా వచ్చిన లాభం ఇది. బైప్లేన్‌కు రెండు రెక్కలు, మధ్యన స్తంభాలు, బిగించిన తీగలు ఉంటాయి. ఇవన్నీ గాలికి అడ్డే. అది నెమ్మదిగా, బలంగా లాగించుకోవాలని కోరుకునే విమానం. బరువు బండికి ఎద్దులు కడతాం గాని గుర్రాన్ని కట్టం కదా!

ముక్కు వెడల్పుగా ఉన్న బైప్లేన్లకు వ్యాసం ఇంకా ముఖ్యం. అమెరికా వారి స్టియర్‌మన్‌లాగా గుండ్రటి ఇంజను ఉన్న విమానం మోడల్‌లో ముక్కు వ్యాసం 10 అంగుళాలు అనుకోండి. 18 అంగుళాల ప్రొపెల్లర్ పెడితే అది తిరిగే వలయంలో 31 శాతం ఆ ముక్కు వెనకే దాగిపోతుంది. 22 అంగుళాలది పెడితే 21 శాతమే దాగుతుంది. టైగర్ మాత్‌ది సన్నని ముక్కు కాబట్టి ఆ బాధ తక్కువ.

పిచ్ ఎంత?

ప్రొపెల్లర్ మీద 18×8 అని ఉంటే 18 అంగుళాలు వ్యాసం, 8 అంగుళాలు పిచ్. కర్రలో స్క్రూ దిగినట్టు, ఒక్క చుట్టుకు జారకుండా ఎంత ముందుకు పోతుందో అది పిచ్. 8 అంగుళాలంటే 20.3 సెంటీమీటర్లు. నిమిషానికి 7000 చుట్లు తిరిగితే 1422 మీటర్లు, అంటే గంటకు 85 కిలోమీటర్లు. దీనిని పిచ్ వేగం అందాం.

మరి మన విమానానికి ఎంత కావాలి? 9 కిలోల బరువును 1.39 చదరపు మీటర్ల రెక్క మోయాలంటే, గంటకు సుమారు 33 కిలోమీటర్ల కంటే తగ్గితే రెక్క చేతులెత్తేస్తుంది. దీన్ని స్టాల్ వేగం అంటారు. పిచ్ వేగం స్టాల్ వేగానికి రెండున్నర నుంచి మూడు రెట్లు ఉంటే బాగుంటుందని మోడలర్లు అనుభవంతో పెట్టుకున్న కొలత. రెండున్నర రెట్లంటే 83. మన 18×8 ప్రొపెల్లర్ 7000 చుట్ల వద్ద 85 ఇస్తోంది. అసలు టైగర్ మాత్ గరిష్ఠ వేగంలో సగమెంతో చూడండి, సుమారు 87. రెండు దారుల్లో వెళ్ళినా ఒకే ఊరు చేరాం. లెక్క సరిగా ఉందనడానికి ఇంతకంటే గుర్తు ఏం కావాలి?

10 అంగుళాల పిచ్ పెడితే అదే 7000 చుట్లకు 107 వస్తుంది. తీగలు, స్తంభాలు ఉన్న ఈ విమానం ఆ వేగానికి ఎలాగూ చేరదు. మీదుమిక్కిలి ఇంజనుపై భారం పెరిగి చుట్లు తగ్గుతాయి, నేలమీద నుంచి లేచేటప్పుడు లాగుడు మందగిస్తుంది. 6 అంగుళాల పిచ్‌తో 20 అంగుళాల వ్యాసం పెడితే లేవడం హాయిగా ఉంటుంది. కాని అదే శక్తికి 6700 చుట్ల దగ్గర పిచ్ వేగం 61కి పడిపోతుంది. ఎదురుగాలి ఉన్న రోజున తిరిగి రావడం కష్టం. కనుక మొదట 18×8 పెట్టండి. తర్వాత 19×8 ప్రయత్నించండి.

వ్యాసానికీ హద్దులున్నాయి. తోక పైకి లేచి విమానం సమంగా ఉన్నప్పుడు ప్రొపెల్లర్ కొసకూ నేలకూ మధ్య కనీసం రెండు మూడంగుళాల సందు ఉండాలి. మనం ఎగరేసేది గడ్డి దుబ్బులున్న మైదానంలో కాబట్టి ఇంకొంచెం ఎక్కువే ఉండాలి. రెండో హద్దు కొస వేగం. 18 అంగుళాల ప్రొపెల్లర్ 7000 చుట్లకు కొస దగ్గర సెకనుకు 168 మీటర్లు పోతుంది. 16 అంగుళాలది 10000 చుట్లు తిరిగితే 213 మీటర్లు. ధ్వని వేగంలో అరవై శాతం దాటితే చెవులు చిల్లులుపడే చప్పుడు వస్తుంది, శక్తి ఆ చప్పుడుకే పోతుంది. ఊళ్ళో వాళ్ళు మైదానం నుంచి తరిమేసేదీ ఈ చప్పుడు వల్లే.

ఇప్పుడు ఇంజను

18×8 ప్రొపెల్లర్‌ను 7000 చుట్లు తిప్పడానికి సుమారు 2 హార్స్‌పవర్ కావాలి. నిలబడి ఉన్నప్పుడు 6 కిలోలకు అటూ ఇటూ లాగుడు వస్తుంది. 9 కిలోల టైగర్ మాత్‌కు అది పుష్కలం. కాబట్టి దుకాణంలో "ఎన్ని హార్స్‌పవర్?" అని అడగకండి. పెట్టెమీది హార్స్‌పవర్ 8500 చుట్ల దగ్గర కొలిచినది కావచ్చు, మనం అక్కడ తిప్పబోవడం లేదు. "18×8ని నేలమీద ఎన్ని చుట్లు తిప్పుతుంది?" అని అడగండి. 7000 అంటే అదే మన ఇంజను. 30 నుంచి 35 సి.సి. పెట్రోలు ఇంజన్లలో ఇది దొరుకుతుంది.

"పెద్దది పెట్టుకుని థ్రాటిల్ తగ్గించుకుంటే పోదా?" అని వాదించే మిత్రులున్నారు. వారి వాదనను తేలిగ్గా తీసిపారేయను. దిగేటప్పుడు పొరపాటు జరిగితే మళ్ళీ పైకి లేవడానికి మిగులు శక్తి ఉండాలి. కాని మన ఇంజనులో ఆ మిగులు ఇప్పటికే ఉంది. గాలి అడ్డును గెలవడానికి కావలసిన శక్తి వేగంతో పాటు ఘనంలో పెరుగుతుంది. రెట్టింపు వేగానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. మూడు హార్స్‌పవర్ నుంచి ఐదున్నరకు పోతే గరిష్ఠ వేగం పెరిగేది 22 శాతమే, అదీ కాగితం మీద. దానికోసం ఇంచుమించు అర కిలో అదనపు బరువు, ఎక్కువ వణుకు, పెద్ద ట్యాంకు, ఆ వణుకును ఓర్చుకోవడానికి మరింత దిట్టమైన ముక్కు పెట్టాలి. నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక్కసారిగా థ్రాటిల్ తెరిస్తే పెద్ద ప్రొపెల్లర్ తిరుగుడుకు విమానం పక్కకు ఒరిగి కూలే ప్రమాదమూ ఉంది.

రెండు మినహాయింపులు ఒప్పుకోవాలి. పిట్స్ స్పెషల్ వంటి పల్టీలు కొట్టే బైప్లేన్ చేస్తే ఈ లెక్క పనికిరాదు. అక్కడ లాగుడు విమానం బరువును మించాలి, పెద్ద ఇంజను తప్పదు. రెండోది ముక్కు బరువు. పొట్టి ముక్కున్న మోడళ్ళకు తూకం కుదరక ముందుభాగంలో సీసం కూరవలసి వస్తుంది. ఊరికే సీసం మోసే బదులు అదే తరగతిలో కొంచెం బరువైన, గట్టి ఇంజను కొనడం తెలివైన పని. అయినా బ్యాటరీ, ఇగ్నిషన్ పెట్టె ముందుకు జరిపి చూశాకే ఆ నిర్ణయం తీసుకోవాలి.

మన ఎండలు మరువకండి

విదేశీ కంపెనీల లెక్కలు ఎక్కువగా సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల చల్లని గాలికి వేసినవి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి సాంద్రత సుమారు 14 శాతం తక్కువ. ఇంజనుకు గాలి తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కూ తగ్గుతుంది, రెక్కకూ తగ్గుతుంది. స్టాల్ వేగం ఏడెనిమిది శాతం పెరుగుతుంది. దీనికి మందు ఇంజను పెంచడం కాదు, బరువు తగ్గించడం. పొద్దున్నే ఏడుకల్లా మైదానానికి పోవడం ఇంకా మంచి మందు. దానికి ఖర్చు కూడా లేదు.

పెట్రోలు వద్దు, కరెంటు మోటారు చాలనుకునేవారికీ ఇదే వరస. అదే 18×8, అదే 7000 చుట్లు. బరువు కిలోకు 200 వాట్లు అనుకుంటే 1800 వాట్లు. పది సెల్లుల లిథియం బ్యాటరీ 37 వోల్టులు ఇస్తుంది, కనుక 50 ఆంపియర్లకు కొంచెం తక్కువ. బరువు మీద పడ్డప్పుడు మోటారు చుట్లు తగ్గుతాయి కాబట్టి వోల్టుకు సుమారు 235 చుట్ల మోటారు చూడాలి. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీతో, సగటున సగం శక్తి వాడితే, ఐదోవంతు మిగుల్చుకుని, పది నిమిషాల లోపు ఎగరవచ్చు. చప్పుడు లేదు, వణుకు లేదు. కాని బ్యాటరీలు, చార్జరు ఖర్చు ముందే కూడుకోవాలి.

వేళ్ళు విలువైనవి

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 168 మీటర్ల కొస వేగమంటే గంటకు 600 కిలోమీటర్లు. తిరిగే ప్రొపెల్లర్ కంటికి కనబడదు, వేలును మాత్రం వదలదు. వ్రాతపని, చేతిపని చేసి పైకి రావలసిన పిల్లలం మనం. చేత్తో తిప్పి స్టార్ట్ చేయకండి, కర్రగాని స్టార్టరుగాని వాడండి. ఒకరు తోక పట్టుకోవాలి. తిరిగే వలయానికి ఎదురుగా గాని పక్కన గాని ఎవరూ నిలబడకూడదు, చూడవచ్చిన చిన్నపిల్లలు అసలే కూడదు. చేతికి అందేచోట ఇంజను ఆపే స్విచ్చు ఉండాలి. పగులు పట్టిన ప్రొపెల్లర్‌ను జిగురుతో అతికించకుండా విరిచి పారేయండి. కొత్తదాన్ని తూకం సరిచూడకుండా బిగించకండి. 2021లో వచ్చిన డ్రోన్ నియమాలు ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించాయి. ఎగరేసే ముందు మన మైదానం ఏ రంగులో ఉందో చూసుకోవాలి.

ఒక విన్నపం

పూర్వ విద్యార్థులు ఏటా హాస్టల్‌కు ఏదో ఒకటి ఇస్తున్నారు. ఈసారి పెద్దలకు నా సూచన ఇది. ఇంజను ఇవ్వకండి. చుట్లు కొలిచే టాకోమీటరు ఒకటి, తోకకు కట్టి లాగుడు తూచే స్ప్రింగ్ త్రాసు ఒకటి, తూకం చూసే బ్యాలెన్సరు ఒకటి, మూడు కొలతల కర్ర ప్రొపెల్లర్లు ఇవ్వండి. అన్నీ కలిపినా మంచి ఇంజను ధరలో కొంతభాగమే అవుతుంది. కాలేజీల్లో ఉన్న మన పిల్లలు వాటిని వంతులవారీగా తీసుకువెళ్ళి, కొలిచిన అంకెలు ఒక నోటు పుస్తకంలో రాసి తిరిగి ఇవ్వాలి. ఏ ఇంజను, ఏ ప్రొపెల్లర్, ఎన్ని చుట్లు, ఎన్ని కిలోల లాగుడు, ఆరోజు ఎండ ఎంత. ఐదేళ్ళు గడిస్తే ఆ పుస్తకం మన తర్వాత వచ్చేవాళ్ళకు ఏ దుకాణంలోనూ దొరకని ఆస్తి అవుతుంది.

ప్రియమైన తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! డబ్బున్నవాడు పెద్ద ఇంజను కొంటాడని చిన్నబుచ్చుకోకండి. తూకానికి తగిన ప్రొపెల్లర్, ప్రొపెల్లర్‌కు తగిన ఇంజను పెట్టిన విమానమే ముందు లేస్తుంది, నెమ్మదిగా దిగుతుంది. "అది మనవల్ల అయ్యేది కాదు" అని మీతో ఎవరైనా అంటే వాదనకు దిగకండి. రెక్క వైశాల్యం ఎంతో, స్టాల్ వేగం ఎంతో, పిచ్ వేగం ఎంతో కాగితం మీద వేసి చూపండి. ఆ కాగితం ముందు పెద్దింటి బిడ్డ, పేదింటి బిడ్డ అన్న తేడా ఉండదు.

హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
— ఒక పూర్వ విద్యార్థి